అనాథకు దత్తత లేని రోజులు

హిందూ దత్తత, మనోవర్తి చట్టం 1956 డిసెంబరు 21న వచ్చింది. 2026లో ఆ రోజుకి దానికి 70 ఏళ్లు నిండుతాయి. ఆడపిల్లనూ దత్తత తీసుకోవచ్చని, స్త్రీ కూడా తన పేరున దత్తత చేసుకోవచ్చని ఆ చట్టం చెప్పింది. ఈ రెండూ గొప్ప మార్పులే. అయితే దత్తత చరిత్రను మొదటి నుంచీ పరిశీలిస్తే వీటికి మూలమైన మరో మార్పు కనిపిస్తుంది. తరతరాలుగా దత్తత పెద్దల అవసరం. అది బిడ్డ అవసరంగా మారడం నిన్నమొన్నటి మాట. ఒక పసిగుడ్డును ఇంటికి తెచ్చుకోవడానికి ఇన్ని కాగితాలు, ఇంత నిరీక్షణ ఎందుకని అడిగేవారికి ఈ చరిత్రలోనే సమాధానం ఉంది.

మనువు 12 రకాల కొడుకులను లెక్కపెట్టి వారిలో దత్తుడికి చోటిచ్చాడు. ఒక్కగానొక్క కొడుకుని ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అన్నాడు వసిష్ఠుడు. ఆ తర్వాత వచ్చిన దత్తక మీమాంస, దత్తక చంద్రిక ఎవరిని తీసుకోవచ్చు, ఎవరు ఇవ్వాలి అన్న చర్చను విస్తరించాయి. ఈ గ్రంథాలన్నిటి వెనకా ఉన్న దిగులు రెండే: పిండం పెట్టేదెవరు, ఇంటిపేరు నిలిపేదెవరు. మన పల్లెల్లో ఈ దిగులుకి ఇంకో దారీ ఉండేది. కొడుకులు లేని రెడ్డి, కమ్మ కుటుంబాలు అల్లుణ్ని ఇల్లరికం తెచ్చుకుని ఆస్తి అప్పగించేవి. మద్రాసు రాష్ట్రంలోని కోర్టులు ఆ ఆచారాన్ని గుర్తించాయి.

ఈ పాత దత్తత అసలు స్వభావం తెలియాలంటే గుంటూరు సీమకు వెళ్లాలి. చింతపల్లి నుంచి అమరావతికి తరలివచ్చి ఊరు కట్టించిన రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు దాతగా పేరుమోసిన జమీందారు. మంగళగిరిలో 11 అంతస్తుల గాలిగోపురం ఆయన కట్టించిందే. కింద నిలబడి తలెత్తి చూస్తే పై అంతస్తులు సన్నబడుతూ ఆకాశంలోకి పోతాయి. అంతటి గోపురం ఎత్తించిన మనిషికి కొడుకులు లేరు. ఆయన జగన్నాథ బాబును దత్తత తీసుకున్నాడు. ఆ దత్తుడు బతికుండగానే రామనాథ బాబును కూడా దత్తత చేసుకున్నాడు. 1816లో వెంకటాద్రి నాయుడు కన్నుమూయగానే జమీందారీ ఎవరిదన్న తగాదా కోర్టుకెక్కింది. మొదటి దత్తుడు పోయాక కూడా వ్యాజ్యం ఆగలేదు, అతని భార్యలు అచ్చమ్మ, రంగమ్మల పేర్లు దావాలోకి వచ్చాయి. ఆ వ్యాజ్యం సముద్రాలు దాటి లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ముందుకు వెళ్లింది. మొదటి దత్తుడు జీవించి ఉండగా చేసుకున్న రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పు వచ్చింది. జమీందారు పోయి అప్పటికి 30 ఏళ్లు. బకాయిల కింద ఆ జమీందారీ కూడా ఆ దశాబ్దంలోనే సర్కారు వశమైంది. ఇంత సుదీర్ఘ వ్యాజ్యం తేల్చిన ప్రశ్న వారసుడెవరన్న ఒక్కటే. చిన్నతనంలోనే ఒక ఇంటినుంచి మరో ఇంటికి వచ్చి, అక్కడ కొడుకుగా పెరిగినవాడు, ‘నీ దత్తత చెల్లదు’ అన్న మాట వినాల్సి వస్తే అతని గతేమిటన్నది న్యాయస్థానం ముందున్న ప్రశ్నే కాదు.

ఆ శతాబ్దమంతా దత్తత కథ సింహాసనాలు, భూముల చుట్టూనే తిరిగింది. దత్తపుత్రుణ్ని గుర్తించబోమని గవర్నర్ జనరల్ డల్హౌసీ సతారాను, ఝాన్సీని కలిపేసుకున్నాడు. భర్త అనుమతి లేకపోయినా జ్ఞాతుల సమ్మతితో వితంతువు దత్తత చేసుకోవచ్చని 1868లో రామనాథపురం కేసు తేల్చింది. ఒక్కగానొక్క కొడుకుని ఇచ్చినా దత్తత చెల్లుతుందని 1899లో బలుసు వారి కేసు తేల్చింది. అన్నిటికన్నా కఠినమైన నియమం మరొకటి ఉంది. శాస్త్రం ప్రకారం బిడ్డను ఇవ్వగలిగేది కన్న తండ్రి, తల్లి మాత్రమే. వాళ్లు లేని బిడ్డను చేతుల్లో పెట్టేవారే ఉండరు కాబట్టి దత్తత జరగదు. అమ్మానాన్నలు ఎవరికి అత్యవసరమో ఆ అనాథకే దత్తత తలుపు మూసి ఉండేది.

ఆ తలుపు తెరిచింది 1956 చట్టం, దానికి 1962లో చేసిన సవరణ. తల్లిదండ్రులు పోయిన బిడ్డనే కాదు, వదిలేసిన బిడ్డను, కన్నవారెవరో తెలియని బిడ్డను కూడా కోర్టు అనుమతితో సంరక్షకుడు దత్తత ఇవ్వవచ్చని ఆ సవరణ చెప్పింది. అయినా దారి అక్కడినుంచి సాఫీగా సాగలేదు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు 1890 నాటి చట్టం కింద సంరక్షకత్వమే దిక్కయింది. మతంతో పనిలేని దత్తత బాలల న్యాయ చట్టంతో 2000లో గానీ రాలేదు. ఈలోగా మన తెలుగు నేల మీదే ఘోరం జరిగింది. నల్గొండ జిల్లా తండాల్లో పేద తల్లుల దగ్గర ఆడశిశువులను కొని, దత్తత పేరిట విదేశాలకు పంపే వ్యవహారాలు 1999, 2001లలో బయటపడ్డాయి. బిడ్డ తరఫున అడిగేవారు లేకపోతే దత్తత ఎంత తేలిగ్గా బేరమవుతుందో అప్పుడు తెలిసింది.

అందుకే ఇప్పుడు ప్రతి అడుగుకీ ఓ తనిఖీ ఉంది. పెంచలేని తల్లి బాలల సంక్షేమ సమితి ముందు సంతకం చేసినా, మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలల గడువుంటుంది. ఆ తర్వాతే బిడ్డ దత్తతకు అర్హత పొందినట్టు ప్రకటిస్తారు. తీసుకునే దంపతుల ఇంటికి వెళ్లి విచారిస్తారు, వారి వయసు, ఆరోగ్యం, ఆదాయం చూస్తారు. 2022 నుంచి తుది ఉత్తర్వు ఇచ్చేది కలెక్టరు. బిడ్డ ఇంటికి వెళ్లాక కూడా రెండేళ్లపాటు బాగోగులు చూసి వస్తారు.

మూడేళ్లకు పైబడి ఎదురుచూస్తున్న దంపతులు ఉన్నారన్నది నిజం. వారి బాధ చిన్నది కాదు. అధికారుల అలసత్వం వల్ల బిడ్డ శిశుగృహలో మగ్గిపోతే అది నేరమే. దాన్ని సరిచేయాలి. కానీ తనిఖీ ఎత్తేయడం పరిష్కారం కాదు. దత్తతకు సిద్ధంగా ఉన్న పిల్లల కన్నా కోరేవారి సంఖ్య చాలా ఎక్కువ. అలాంటి చోట అడ్డదారి తెరిస్తే డబ్బున్నవాడే ముందుంటాడు. పూర్వం ఏ కాగితాలూ లేకుండానే పిల్లల్ని ప్రేమగా సాదుకోలేదా అంటారు. సాదుకున్నారు. 1956 చట్టం కింద బంధువుల మధ్య ఆ మార్గం నేటికీ ఉంది: 15 ఏళ్లు నిండని బిడ్డను కన్నవారు పెంచేవారి చేతుల్లో పెట్టాలి, దస్తావేజు రిజిస్టరు చేయించుకుంటే దానికి బలం వస్తుంది. ముక్కూమొహం తెలియని వ్యక్తి ఆసుపత్రి గుమ్మం దగ్గర డబ్బిచ్చి స్టాంపు కాగితం రాయించుకుంటే అది ఆ కోవలోకి రాదు. బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా.

పెంచలేని స్థితిలో ఉన్న తల్లి మీకు తెలిస్తే ఆమెను మధ్యవర్తి దగ్గరకు పంపకండి. 1098కి ఫోన్ చేయండి. ఆ రెండు నెలల గడువు ఆమెకు దక్కాలి. ఆమె బిడ్డకు తన కోసమే వెతికిన ఇల్లు దక్కాలి.