మాట పోయినవారి పాట

మాట మనస్సునకు అద్దమని మనవారందరును నమ్ముదురు. ఈ నమ్మకము వలన ఒక పెద్ద చిక్కు కలుగుచున్నది: మాట పోయినవానికి మనస్సును పోయినదని తలతుము. పక్షవాతము తగిలి నోరు పడిపోయిన పెద్దలున్న యిండ్లను చూడుడు. మొదటి నెలలో అందరును మంచము చుట్టును చేరుదురు. రెండవ నెలలో పసిబిడ్డతో పలికినట్లు బిగ్గరగా, ముక్కలు ముక్కలుగా పలుకుదురు. అటుపిమ్మట పలుకుటయే మానుదురు. రోగి యెదుటనే రోగిని గూర్చి, ఆ గదిలో లేనివారిని గూర్చినట్లు మాటలాడుకొందురు. ఈ నమ్మకము తప్పని వైద్యులు గ్రహించుటకు చాలకాలము పట్టినది. ఆ చరిత్రలో ముఖ్యసాక్షి, మనము వట్టి వినోదమని త్రోసివేయు పాట. ఆ చరిత్రను చదువరులకు విన్నవింప నెంచితిమి. దానిని ఎఱుగకపోవుట వలన మా యింటనే యొక యపరాధము జరిగినది; దానిని తుదను చెప్పుదుము.

ఈ కథకు తొలి యధ్యాయములలో నొకటి స్వీడను దేశమున దొరకుచున్నది. 1745వ సంవత్సరమున ఓలోఫ్ డాలిన్ అను రచయిత అచ్చటి రాజ విజ్ఞానపరిషత్తు ప్రచురణలలో ఒక మూగవాడు పాడుటను గూర్చి చిన్న నివేదికను ప్రకటించెను. ఒక రైతుబిడ్డకు కఠినమైన జబ్బు చేసి శరీరమున కుడివైపు పడిపోయెను, మాటయు పోయెను. రెండేండ్లకు కొంచెము నడవగలిగెను గాని, “అవును” అను మాట తప్ప మఱియొకటి అతని నోట వెడలదయ్యెను. అట్టివాడు జబ్బునకు పూర్వము నేర్చిన కొన్ని స్తోత్రగీతములను, ఎవరైన ఎత్తియిచ్చి కూడ పాడినచో, ఆరోగ్యవంతుని వలెనే మాటమాటయు స్పష్టముగా పాడుచుండెను. కొన్ని ప్రార్థనలను గూడ ఒక విధమైన లయతో, హెచ్చుగొంతుకతో పఠింపగలిగెడివాడు. నాటివారికి ఇది వింత. కారణము చెప్పగలవారు లేకపోయిరి.

కారణమును వెదకు మార్గము 1861లో పారిస్ సమీపమునందలి బిసేత్ర్ ఆసుపత్రిలో తెఱవబడెను. అచ్చట లెబోర్న్ అను రోగి యిరువదియొక్క యేండ్లుగా నుండెను. ఏమడిగినను “టాన్, టాన్” అనుటయే అతని ప్రత్యుత్తరము. ఆసుపత్రిలో అతని పేరే టాన్ అయినది. కోపము వచ్చినప్పుడు మాత్రము ఒక పూర్తి తిట్టు తడబాటు లేక వెలువడెడిది. శస్త్రవైద్యుడైన పాల్ బ్రోకా అతనిని పరీక్షించి, ఇచ్చటికి వచ్చి ఎన్నేండ్లైనదని అడిగెను. రోగి తన చేతిని నాలుగుమాఱులు విప్పి చూపి, పిదప ఒక వ్రేలెత్తెను. నాలుగైదులు ఇరువది, ఒకటి ఇరువదియొకటి. లెక్క సరిగానే యున్నది. నోట ఒక్క మాట లేనివాడు కాలమును మఱువలేదు, ప్రశ్నను గ్రహించినాడు, గుణించి చెప్పినాడు. మమ్మడిగినచో, బ్రోకా పరీక్షలలో గృహస్థులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినది ఈ చేతిసైగయే.

ఏప్రిల్ 17న ఆ రోగి మరణించెను. మఱునాడే బ్రోకా అతని మెదడును పండితసభలో చూపెను. ఎడమవైపు ముందుభాగమున క్రిందిగా ఒక చోటు చెడియుండెను. పిమ్మట అట్టి రోగులనే మఱికొందఱను పరీక్షించి, 1865లో మనము మాటలాడుట మెదడు ఎడమ యర్ధముతోనని బ్రోకా ప్రకటించెను. 1874లో కార్ల్ వెర్నికె అను జర్మను వైద్యుడు మఱియొక విధమైన రోగమును వర్ణించెను. ఈ రోగులు ధారాళముగా పలుకుదురు గాని పలుకులకు పొందిక యుండదు. పరులు చెప్పినదియు సరిగా బోధపడదు. కాబట్టి మాట చెడుట యనునది ఒకే రోగము కాదు. కొందఱికి చెప్పుట చెడును, కొందఱికి వినుట చెడును, పలువురికి రెండును కొంతకొంత చెడును. ఎవరికేది చెడినదో పరీక్షింపక “ఇంక ఏమియు తెలియదు” అని తీర్పు చెప్పుట అన్యాయము.

పాట సంగతిని మరల విచారణకు తెచ్చినవాడు ఇంగ్లాండు వైద్యుడగు జాన్ హ్యూలింగ్స్ జాక్సన్. మాటలు లేని పిల్లలు పాడుటను గూర్చి ఆయన 1871లో వ్రాసెను. పలుకు రెండు విధములని ఆయన మతము. అప్పటికప్పుడు భావమునకు తగినట్లు కూర్చుకొను పలుకు ఒకటి. తిట్టు, పలకరింపు, కంఠస్థమైన ప్రార్థన, పాట వంటివి తమంత తామే వెలువడు పలుకు మఱియొకటి. మొదటిది చెడినను రెండవది నిలువవచ్చును. టాన్ నోట తిట్టు నిలిచినదియు, స్వీడను రైతుబిడ్డ నోట స్తోత్రము నిలిచినదియు ఇందువలననే.

సంగీతమునకును మాటకును మెదడులో త్రోవలు కొంత కలిసియు, కొంత వేఱుగాను ఉన్నవని ఇద్దఱు సంగీతకర్తల జీవితములు చాటుచున్నవి. రష్యా దేశీయుడగు విస్సారియోన్ షెబాలిన్ 1959లో రెండవమాఱు పక్షవాతము తగిలి మాటను పోగొట్టుకొనెను; పరులు చెప్పినది గ్రహించుటయు కష్టమయ్యెను. ఐనను స్వరరచన మానలేదు. తన యైదవ సింఫనీని 1962లో ముగించెను. ఫ్రెంచి స్వరకర్త మోరిస్ రావెల్ గతి వేఱు. 1937లో మరణించుటకు ముందు కొన్నేండ్లపాటు సంగీతము తన తలలో నున్నదనియు, వ్రాయుటకు చేయి రాదనియు వాపోయెను. ఒకనికి మాట పోయి స్వరము నిలిచినది. మఱియొకనికి స్వరము లోపల నిలిచియే బయటికి త్రోవ మూసికొన్నది. నేటి యంత్రములతో తీసిన మెదడు చిత్రములు చెప్పునదేమనగా, పాట మెదడు రెండర్ధములను పనికి పిలుచును. ఎడమ యర్ధము దెబ్బతిన్నను పాటకు కొంత త్రోవ మిగులుట ఇందువలననే.

ఈ జ్ఞానమును చికిత్సగా మలచినవారు అమెరికాలోని బోస్టన్ నగరపు వైద్యులు. 1973లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అను మువ్వురు దీనిని ప్రకటించిరి. పద్ధతి సులభముగా తోచును గాని ఓపిక మిక్కిలి కావలెను. నిత్యావసరమైన చిన్న వాక్యమును, మన భాషలో “నీళ్లు కావలె” అనుకొందము, హెచ్చు తగ్గు రెండు స్వరములలో సాగదీసి పాడుదురు. అక్షరమున కొకమాఱు చొప్పున రోగి యెడమచేతితో తాళము వేయింతురు. మొదట వైద్యుడును రోగియు కలిసి పాడుదురు. పిదప వైద్యుడు నడుమ విరమించును. తరువాత ప్రశ్నకు ప్రత్యుత్తరముగా రోగి ఒక్కడే పాడును. తుదకు స్వరమును కొంచెము కొంచెముగా తగ్గించి మామూలు మాటకు దింపుదురు. గ్రహణశక్తి నిలిచి, పలుకుట మాత్రము కష్టమైనవారికి ఈ పద్ధతి తగినది. 2011 జనవరి 8న తలకు తుపాకిదెబ్బ తగిలిన అమెరికా శాసనసభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ మాటను మరల కూడదీసికొనుటలో సంగీతచికిత్సయు తోడైనది.

ఐతే అతిశయోక్తి కూడదు. 2011లోనే లైప్‌జిగ్ నగరపు పరిశోధకులు 17 మంది రోగులను పరీక్షించి, మేలు చేయుటలో స్వరముకన్న లయయే ముఖ్యమనియు, బాగుగ అలవాటైన పలుకులే సులభముగా వచ్చుననియు తేల్చిరి. పాత పాటను పాడినంతమాత్రమున క్రొత్త మాటలు పుట్టవు. పాట ఒక తలుపు. ఆ తలుపున ప్రవేశించి నెలల తరబడి శ్రమపడినగాని మాట చేజిక్కదు.

లయ నాలుకకే గాక పాదములకును చుట్టమే. జేమ్స్ పార్కిన్సన్ 1817లో వర్ణించిన కంపవాతమున రోగి నడకకు ఆరంభము దొరకదు. గడప యొద్ద కాళ్లు అతుకుకొన్నట్లు నిలిచిపోవును. అట్టివారు తాళమునకు అనుగుణముగా అడుగులు వేయ నభ్యసించినచో నడక వేగము హెచ్చుచున్నదని మైఖేల్ థౌట్ మొదలగువారు 1996లో చూపిరి. 2001 నుండి న్యూయార్కులోని బ్రూక్లిన్ భాగమున ఒక నృత్యబృందము ఇట్టి రోగులకు నాట్యము నేర్పుచున్నది. ఆ నగరముననే జో వర్గీస్ మొదలగు వైద్యులు 75 ఏండ్లు దాటిన 469 మందిని ఇంచుమించు ఐదేండ్లు పరిశీలించి 2003లో ఫలితములను ప్రకటించిరి. చదువుట, పలకమీది ఆటలాడుట, వాద్యము వాయించుట అలవాటున్నవారికి మతిమఱుపు రోగము తక్కువగా వచ్చెను. దేహశ్రమలలో నాట్యమొక్కటియే ఆ వరుసలో చేరెను. నాట్యము వలననే రోగము తప్పెనో, ఆరోగ్యమున్నవారే నాట్యమాడిరో ఇట్టి పరిశీలన తేల్చలేదు. ఐనను అడుగును, తాళమును, జ్ఞాపకమును, తోడివారి చూపును ఒక్కమాఱే కూర్చు వ్యాయామము మఱియేది?

మన పూర్వులకు ఈ కూర్పు తెలియనిది కాదు. పదుమూడవ శతాబ్దమున సంగీతరత్నాకరమును రచించిన శార్ఙ్గదేవుడు గీతము, వాద్యము, నృత్తము మూడును కలిసినదే సంగీతమనెను. తరువాతి కాలమున ఆ కళలను ఒక కులపు స్త్రీలపై మోపి, వారిని బానిసలుగా నుంచితిమి. వీరేశలింగముగారి వంటి సంస్కర్తలు భోగముమేళములను ఖండించుట న్యాయమే. బాలికలను దేవాలయములకు అర్పించుటను 1947 నాటి మద్రాసు చట్టము నిషేధించుటయు న్యాయమే. కాని దురాచారముతోపాటు పాటను, ఆటను సయితము సంసారుల యిండ్లనుండి వెడలగొట్టుటలో మనము పొరబడితిమి.

మా తాతగారు సంస్కరణపక్షపాతులు. ఇంటి స్త్రీలు దేవునిగది దాటి పాడుట వారికి గిట్టదు. మా నాయనమ్మగారు మంచి గాత్రము కలవారని మేము విన్నదే గాని, ఆ గాత్రము ఎన్నడును వినలేదు. తాతగారు గతించిన తరువాత ఆమెకు పక్షవాతము తగిలి, “అది, అది” అను మాట మాత్రము మిగిలినది. ఆమెకు మనస్సు లేదని ఇంటివారమందఱమును నిశ్చయించుకొంటిమి. ఆమె పేరనున్న మామిడితోటను అమ్ము బేరము ఆమె మంచము ప్రక్కనే సాగినది. ఆమె “అది, అది” అని కన్నీరు పెట్టుకొనగా రోగలక్షణమంటిమి. వ్రేలిముద్రకు ఆమె చేయి పట్టుకొన్నది మేమే. అప్పుడు మాకు ఇరువదేండ్లు.

ఏడాది దాటినపిమ్మట ఒక శ్రావణ శుక్రవారమున మా చెల్లెలు మంగళహారతి పాడుచు రెండవ చరణము మఱచి ఆగినది. ఆ చరణము మంచముమీదినుండి వినవచ్చినది. ఒక్క అక్షరము తప్పలేదు. ఇంటిల్లిపాదియు నిశ్చేష్టులమైతిమి. ఆ రాత్రి మా తల్లిగారు ఆమె యెదుట కూర్చుండి, అవును కాదు అని తల యూచి చెప్పదగిన ప్రశ్నలను ఒక్కొక్కటిగా అడిగిరి. మనుమల పేర్లు సరిపోయినవి, పండుగ పేరు సరిపోయినది. తోట నమ్ముట మీ కిష్టమేనా అని అడుగగా ఆమె తల అడ్డముగా త్రిప్పి, గోడవైపునకు మొగము మరల్చుకొనిరి. ఆమె మఱి యెనిమిది నెలలు జీవించిరి. తోట తిరిగి రాలేదు.

చదువరులు మా వలె పొరబడకుందురు గాక. మాట పోయినవారి యెదుట వారి కన్నులలోనికి చూచుచు కూర్చుండుడు. ఒక్కొక్క ప్రశ్న చొప్పున అడిగి, ప్రత్యుత్తరమునకు తగినంత వ్యవధి నిండు. వాగ్రోగములకు చికిత్స నేర్చినవారి యొద్దకు ఆలస్యము చేయక తీసికొనిపోండు. వారు బాల్యమున పాడిన పాటను ఎత్తియిచ్చి చూడుడు. పాట రాకపోయినను మనస్సు లేదని తీర్మానింపకుడు. మఱియు మీ యింటి స్త్రీలు ఆరోగ్యముగా నున్నప్పుడే, నడుమ గదిలో, అందఱు వినునట్లు పాడనిండు.