ఉచితంతో పాటు వచ్చిన వేగు

మార్కాపురం, గిద్దలూరు వైపు ఇంట్లో కంప్యూటరు మొరాయించిందంటే ఎవరి నోటైనా వచ్చే మొదటి మాట ‘వైరస్ పట్టింది’. రెండోది ‘ఫార్మాట్ కొట్టించు’. ఏళ్ల తరబడి రోగం ఏదైనా మందు ఇదే. ఆ కంప్యూటర్లలో చాలావాటికి పట్టింది మాత్రం స్పైవేర్, అంటే వేగు ప్రోగ్రాం. వైరస్‌కు తన సంతతి పెంచుకోవడమే పని, యంత్రం ఏమైపోయినా దానికి దిగుల్లేదు. స్పైవేర్‌కు యంత్రం నడుస్తూ ఉండాలి. ఇంట్లోవాళ్లు దాని ముందు కూర్చుని ఏదో ఒకటి వెతకాలి, ఏదో ఒక పాస్‌వర్డు కొట్టాలి. అప్పుడే దానికి గిట్టుబాటు.

రెండింటి పుట్టుకలూ వేరు. ఐబీఎం తరహా పీసీలకు సోకిన తొలి వైరస్ ‘బ్రెయిన్’ 1986లో లాహోర్‌లో పుట్టింది. రాసిన అల్వీ సోదరులు అందులో తమ పేర్లు, దుకాణం చిరునామా, ఫోన్ నంబర్లతో సహా పెట్టారు. తమ సాఫ్ట్‌వేర్‌ను దొంగ కాపీలు తీసేవాళ్ల కోసం అది రాశామని తర్వాత చెప్పుకున్నారు. చేసినవాడే చిరునామా ఇచ్చిన కాలం అది. స్పైవేర్ అలా బాహాటంగా రాలేదు. 1990ల చివర్లో అమెరికాలో ఉచిత సాఫ్ట్‌వేర్లు వెల్లువెత్తాయి. డబ్బు తీసుకోకుండా ఇచ్చేవాడికి బతుకుదెరువు ఎలా? ప్రోగ్రాం లోపల ప్రకటనలు చూపించి సంపాదించాడు. ఏ ప్రకటన ఎవరికి చూపాలో తెలియాలంటే వాళ్లు ఏం చూస్తున్నారో తెలియాలి. ఆ తెలుసుకునే పనికి పెట్టిన చిన్న తోడు ప్రోగ్రాములే స్పైవేర్‌కు మూలపురుషులు.

2000 సంవత్సరం మొదట్లో స్టీవ్ గిబ్సన్ అనే అమెరికన్ ప్రోగ్రామరు తన సొంత కంప్యూటర్లోనే ఆరియేట్ అనే ప్రకటనల సంస్థ సాఫ్ట్‌వేర్ ఉన్నట్టు గమనించాడు. తను పెట్టుకున్నది వేరే ప్రోగ్రాం, దాని వెంట ఇదీ వచ్చింది. పైగా తెచ్చిన ప్రోగ్రామును తీసేసినా వెంట వచ్చింది కదలలేదు. దాన్ని పీకేయడానికి ఆయన ‘ఆప్ట్‌అవుట్’ రాశాడు. స్పైవేర్‌ను తొలగించే తొలినాటి పనిముట్లలో అదొకటి. ఇదే పని చేసే యాడ్-అవేర్, జర్మనీ కుర్రవాడు ప్యాట్రిక్ కొల్లా రాసిన స్పైబాట్ ఇంటింటికీ చేరాయి.

ఇల్లాలూ పిల్లలూ వాడే కంప్యూటరే దీనికి అనువైన చోటని కంపెనీలు త్వరగానే పసిగట్టాయి. పాస్‌వర్డులు గుర్తుపెట్టుకుని ఫారాలు నింపిపెడతానంటూ ‘గేటర్’ వచ్చింది. అది తెరమీద ప్రకటనలు గుప్పించేది. పేరు చెడ్డాక కంపెనీ 2003లో క్లారియా అని పేరు మార్చుకుంది. పాటల కోసం ‘కజా’ వేసుకున్నవాళ్లకు పాటలతో పాటు ఈ సరుకంతా దిగేది. తెరమీద మాట్లాడుతూ గెంతే ఊదారంగు కోతి ‘బొంజీబడ్డీ’ పిల్లల కోసమన్నట్టే ఉండేది. పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించినందుకు 2004లో దాని కంపెనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 75 వేల డాలర్లు కట్టింది. వీటిలో ఏదీ తలుపు పగలగొట్టి రాలేదు. ‘నెక్స్ట్, నెక్స్ట్, ఐ అగ్రీ’ అని మనం నొక్కితేనే వచ్చింది. ఆ ఒప్పందం చదివినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

అదే 2004లో అమెరికాలో ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్ చేయించిన సర్వేలో పరీక్షించిన ఇళ్ల కంప్యూటర్లలో 80 శాతంలో స్పైవేర్ దొరికింది. పట్టిన కంప్యూటరుకు సగటున 93 ముక్కలు. డిసెంబరులో మైక్రోసాఫ్ట్, ‘జెయింట్’ అనే చిన్న కంపెనీని కొని, దాని పనిముట్టును విండోస్ డిఫెండర్‌గా మలిచింది. 2012లో విండోస్ 8 వచ్చేనాటికి అది యాంటీవైరస్‌గా విండోస్‌లోనే కలిసిపోయింది. ఈలోగా దొంగలూ తెలివిమీరారు. 2005 ప్రాంతంలో తిరిగిన ‘స్పై షెరీఫ్’ తానే స్పైవేర్ నిర్మూలన ప్రోగ్రామునని చెప్పుకుని, లేని రోగాలు చూపించి డబ్బు కట్టమనేది.

అప్పటి ప్రకాశం జిల్లాలో పడమటి భాగమైన మన ప్రాంతానికి ఈ చరిత్ర వేరే దారిన వచ్చింది. బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ దేశంలో మొదలైందే 2005 జనవరిలో. కంభం, బేస్తవారిపేట, ఎర్రగొండపాలెం ఇళ్లకు అది చేరేలోపే పెన్‌డ్రైవ్ చేరింది. నెట్ లేని ఇంటికీ రోగం వచ్చింది. సికింద్రాబాద్ కంప్యూటర్ల బజారు సీటీసీలో విడిభాగాలు కొని అసెంబుల్ చేయించిన పీసీ, అందులో దొంగ విండోస్, పేజ్‌మేకర్‌నూ అను ఫాంట్లనూ కొనకుండానే నడిపించే ‘క్రాక్’: డీటీపీ నేర్చుకుంటున్న పిల్ల ఉన్న ఇంట్లో ఇదే సరంజామా. క్రాక్ నడవాలంటే యాంటీవైరస్ కాసేపు ఆపాలని దాంతో వచ్చిన కాగితమే చెప్పేది. ఆపేవాళ్లం కూడా.

ఆ రోజుల్లో పెన్‌డ్రైవ్‌లో ‘ఆటోరన్’ అనే చిన్న ఫైలు చాలు. గుచ్చి, డబుల్ క్లిక్ చేస్తే పురుగు దిగేది. టాటెర్ఫ్ అనే పురుగు ఆన్‌లైన్ ఆటల పాస్‌వర్డులు దొంగిలించేది. ఆ ఆటలు దోర్నాలలో ఎవరు ఆడతారు? యాంటీవైరస్ అసలు ఫైలును చంపి ఆటోరన్ ఫైలును వదిలేసేది. దాంతో డ్రైవ్ మీద క్లిక్ చేసినప్పుడల్లా ‘దేంతో తెరవాలి’ అని కంప్యూటరు ఎదురు ప్రశ్న వేసేది. తర్వాత షార్ట్‌కట్ రకం వచ్చింది. పెళ్లి ఫొటోల ఫోల్డరు మాయమై, అదే పేరుతో మూలన చిన్న బాణం గుర్తున్న బొమ్మ మిగిలేది. ఫొటోలు అక్కడే దాగి ఉండేవి. ఆ సంగతి తెలియక డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి పోగొట్టుకున్నవాళ్లున్నారు.

2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లలోనూ పెన్‌డ్రైవ్ ఆటోరన్‌ను ఆపే అప్‌డేట్ ఇచ్చింది. దొంగ కాపీ బయటపడుతుందని అసెంబుల్ చేసినవాడు ముందే అప్‌డేట్లు కట్టేసి ఉండటంతో ఆ మందు చాలా ఇళ్లకు అందనే లేదు.

ఇక ఫార్మాట్ సంగతి. పలక తుడిచినట్టు అంతా పోతుందని పలకల ఊరైన మార్కాపురం వాళ్లం నమ్మడంలో వింత లేదు గానీ, తుడిచేది సగం పలకే. రిపేరు చేసే కుర్రవాడు సీ డ్రైవ్ మాత్రమే ఫార్మాట్ కొడతాడు. ఫొటోలు ఉన్నాయని డీ డ్రైవ్‌ను ముట్టుకోడు. ఆటోరన్ ఫైలు డీలోనే ఉంది, క్రాకులున్న ‘సెటప్స్’ ఫోల్డరూ డీలోనే ఉంది. కొత్త విండోస్ వేశాక అందులోంచే అన్నీ మళ్లీ వేసి ఇస్తాడు. వారం తిరక్కుండా కథ మొదటికి.

ఇప్పుడు చేయాల్సిందేమిటంటే, ముందు నెట్ తీసేయాలి. ప్రోగ్రాముల జాబితాను తేదీల వారీగా పేర్చి, గోల మొదలైన రోజుల్లో దిగినవాటిని చూడాలి. అక్కర్లేనిది తీసేయాలి. ఆ తర్వాత బ్రౌజరు ఎక్స్‌టెన్షన్లు. ‘మీ కంప్యూటరుకు వైరస్ పట్టింది’ అని మూలన పాపప్‌లు వస్తుంటే చాలాసార్లు అది ఎప్పుడో ఒక సైటుకు ‘అలో’ నొక్కిన పాపం. బ్రౌజరు సెట్టింగుల్లో ఆ సైటు నోటిఫికేషన్లు ఆపితే గోల పోతుంది, ఫార్మాట్‌తో పనే లేదు. మొండిదైతే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది. విండోస్ లేవకముందే వెతుకుతుంది కాబట్టి పురుగు దాక్కునే వీలు తక్కువ. పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచో కంప్యూటరు నుంచో మార్చాలి. రోగమున్న చోటే మారిస్తే కొత్తదీ దొంగకు అందుతుంది. మళ్లీ రాకుండా ఉండాలంటే నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి, పిల్లలకు అడ్మిన్ హక్కులు లేని ఖాతా ఇచ్చి, అడ్మిన్ పాస్‌వర్డు పెద్దవాళ్లు ఉంచుకోవడం. క్రాక్ వేయబోతే పాస్‌వర్డు అడుగుతుంది, అక్కడ ఆగుతుంది.

ప్రభుత్వం కూడా ఆలస్యంగానైనా కదిలింది. 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రం పేరుతో ఉచిత శుభ్రతా పనిముట్లు ఇచ్చింది. పెన్‌డ్రైవ్‌ల కోసం ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన ‘యూఎస్‌బీ ప్రతిరోధ్’ వాటిలో ఒకటి. ఫోన్ల కోసం వచ్చిన ‘ఎం-కవచ్’ సీడాక్ హైదరాబాద్ తయారీ. మన ఇళ్లలో వీటి పేరు విన్నవాళ్లు తక్కువ. చట్టం మాటకొస్తే, 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ ఇతరుల కంప్యూటర్లోకి అనుమతి లేకుండా ఇలాంటివి చొప్పించడాన్ని తప్పంటుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా అయిదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. భార్య ఫోన్లో భర్త పెట్టినా ఇతరుల కంప్యూటరే.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో మూలనపడ్డ పాత పీసీల్లో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. ఏడాది అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకునే వీలును మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. అదీ దాటితే ఆ పీసీలో బ్యాంకు పని పెట్టుకోకపోవడమే మేలు.

వేగు ఇప్పుడు వాట్సాప్‌లో ఏపీకే (యాప్) ఫైలై వస్తోంది. ‘పీఎం కిసాన్’, ‘ఆర్టీవో చలాన్’, పెళ్లి పత్రిక, ఇలా రకరకాల పేర్లు. ఇన్‌స్టాల్ చేయగానే ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇస్తే ఓటీపీలు అటు పోతాయి. పీఎం కిసాన్ డబ్బు పడిందో లేదో చూసుకోవడానికి ఎస్ఎంఎస్‌లు చదివే యాప్ ఎందుకని అడిగే మనిషి ఇంట్లో ఒకరుండాలి. అప్పటికే డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.