జలాశయాల్లో చేపల లెక్క

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో చేపల వేటపై ప్రభుత్వ పర్యవేక్షణ జలాశయాలతో పాటే పెరిగింది. 1958 వరదలో దెబ్బతిన్న కడెం ప్రాజెక్టును మళ్లీ కట్టారు. 1985లో దిగువ మానేరు డ్యాం పూర్తయింది. చెరువులకు అలవాటుపడ్డ గంగపుత్రులు, ముదిరాజ్‌లకు పెద్ద నీళ్లలో వేట దొరికింది. చెరువులను మత్స్యకార సహకార సంఘాలు కౌలుకు తీసుకుంటే, పెద్ద జలాశయాల్లో మత్స్యశాఖ లైసెన్సులిచ్చింది.

సముద్రంలో కొన్ని దేశాలు వాణిజ్య పడవలపైనే పరిశీలకులను ఉంచి, పట్టిన చేపను, తిరిగి నీళ్లలో పారేసిన దాన్ని లెక్క రాయిస్తాయి. ఇక్కడ ఇద్దరికి మించి పట్టని పుట్టిలో పరిశీలకుడికి చోటే లేదు. అందుకే నిఘా ఒడ్డుకే పరిమితమైంది.

2016-17లో తెలంగాణ ప్రభుత్వం ఉచిత చేపపిల్లల పంపిణీ మొదలుపెట్టాక ఆ నిఘా నీళ్లలో వదిలే పిల్లలపైకి మళ్లింది. ఎండిపోయే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీరుండే జలాశయాలకు 80-100 మిల్లీమీటర్లవి ఇస్తారు. బొచ్చె, రోహు పిల్లలున్న సంచుల్లో కొన్నింటిని విప్పి లెక్కపెట్టి, సగటును మొత్తం సంచులతో హెచ్చిస్తారు. వదిలిన పిల్లలతో పాటు పట్టిన చేపనూ అంతే శ్రద్ధగా నమోదు చేసినప్పుడే ఈ పథకం ఫలితం మత్స్యకారులకు తెలుస్తుంది.