వాళ్ళ దేవుళ్ళు కడుపుల, మన దేవుళ్ళు గుహల



మేము చిట్యాల నుంచి పోయి హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్నం. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటోళ్ళం మేమే. మొన్న పరీక్షకు చదువుకుంటుంటే గ్రీకుల సృష్టి కథ వచ్చింది. కొంచెం పొడుగు పోస్టే, ఓపికతో చదవండి.

సుమారు 2,700 ఏండ్ల కింద హెసియోడ్ అనే కవి ఆ కథను పాటగా కట్టిండు. ఆయన హెలికాన్ కొండ కింద గొర్రెలు కాసుకున్న మనిషి. ఆయన చెప్పిన ప్రకారం మొదట శూన్యం, ఆ తర్వాత భూమితల్లి గాయా పుట్టినయి. గాయా తననుంచే ఆకాశాన్ని, అంటే ఊరేనస్‌ను కన్నది. ఊరేనస్ పుట్టిన పిల్లలను వెలుగు చూడనీయక భూమి కడుపులనే దాచిండు. చిన్న కొడుకు క్రోనోస్ కొడవలి పట్టి తండ్రిని పడగొట్టిండు. కానీ గద్దె ఎక్కినంక ఆయనా అదే పని చేసిండు. తన పిల్లలు తనను దించుతరని భయపడి ఒక్కొక్కరినీ మింగిండు. ఆఖరి బిడ్డ జియస్‌ను తల్లి రియా క్రీట్ దీవిల దాచి, బట్టల చుట్టిన రాయిని మొగుడి చేతికిచ్చింది. ఆయన బిడ్డే అనుకొని దాన్ని మింగిండు. తర్వాత క్రోనోస్ ఆ రాయిని, దాని వెనుక పిల్లలందరినీ కక్కవలసి వచ్చింది.

ఇది చెప్తుంటే మా రూమ్ల ఉండే ఆసిఫాబాద్ దిక్కు గోండు తమ్ముడు, "అన్నా, ఇది మా లింగాల్ కథ లెక్కనే ఉన్నది గదా" అన్నడు.

ప్రధానులు కీక్రి వాయించుకుంటూ పాడే కథ అది. గోండు దేవుళ్ళను శంభు మహాదేవుడు గుహల పెట్టి, వాకిలికి పెద్ద బండ అడ్డం పెట్టిండు. పహండి కుపార్ లింగాల్ వచ్చి వాళ్ళను బయటికి తెచ్చిండు. తర్వాత వాళ్ళను నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళ సగలుగ పంచి, ఎవరు ఎవరికి అన్నదమ్ములో, ఎవరితోటి వియ్యమందాల్నో చెప్పిండు. జియస్ బయటపడ్డ అక్కలను, అన్నలను కూడగట్టి పదేండ్లు యుద్ధం చేసి రాజైండు. లింగాల్ మాత్రం బయటపడ్డోళ్ళకు చుట్టరికం నేర్పిండు. మాకైతే ఈ తేడానే బాగ నచ్చింది.

రెండు కథల్లనూ రాయి ఉన్నది. క్రోనోస్ కక్కిన రాయి ఇదేనని డెల్ఫీల ఒకదాన్ని చూపేటోళ్ళు. రెండో శతాబ్దంల అక్కడికి పోయిన పౌసానియస్, దానిమీద రోజూ నూనె పోస్తరని రాసిండు. ఇప్పుడు ఆ పూజ లేదు. మన గుహ మాత్రం మహారాష్ట్ర గోండియా జిల్లా కచార్‌గఢ్‌ల ఉన్నదని నమ్మి ఇప్పటికీ మాఘ పున్నమికి జనం పోతున్నరు. అదే పున్నమికి మనం మేడారం పోతం.

మరి వాళ్ళది ప్రపంచమంతా చదివే సాహిత్యం, మనది అడివి కథ ఎట్లయింది? వాళ్ళది రాతల పడ్డది, మనది గొంతుల ఉండిపోయింది. రాసినోళ్ళు లేరని కాదు. నాగ్‌పూర్ మిషనరీ హిస్లాప్ సేకరించిన లింగో పాట 1866ల అచ్చయింది. హైమెండార్ఫ్ ఆదిలాబాద్ గోండుల మీద పుస్తకం 1948ల తెచ్చిండు. రెండూ ఇంగ్లీషే. రాసినోళ్ళ పేర్లు మనకు తెలుసు. పాడిన ప్రధానుల పేర్లు మనల ఎంతమందికి తెలుసు?

కోయల్ల మూడో గట్టు నుంచి ఏడో గట్టు దాకా ఉన్నయి. మా రూమ్ల కోయ పిల్లలం ఐదుగురం. మీది ఏ గట్టు అంటే ఇద్దరమే చెప్పగలిగినం. గట్టు వెనుక కథ అడిగితే ఆ ఇద్దరమూ నోరు మూసుకున్నం. జియస్ తాత పేరు మాత్రం ఐదుగురికీ వచ్చు. సిగ్గనిపించింది.

డోలీలు పడిగె విప్పి, డోలు కొట్టి చెప్పే కథ ఒక మనిషితోటి బతుకుతది. సమ్మక్క కథ పాడిన సకిని రామచంద్రయ్య తాతకు 2022ల పద్మశ్రీ వచ్చింది. 2024ల ఆయన పోయిండు. ఇట్ల ఒక్కొక్క గొంతు ఆగినప్పుడల్లా మన దేవుళ్ళు మళ్ళా గుహలకు పోయినట్టే. ఈసారి బండ పెట్టేది ఎవరో కాదు, అడగకుండ కూసున్న మనమే.

అందుకే సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక పని చేద్దాం. పెద్దమనిషి దగ్గర కూసొని, ఒప్పుకుంటే ఫోన్ల రికార్డు చేద్దాం. వినొద్దన్నది విననే వద్దు. విన్నది కోయ మాటలనే, తెలుగు లిపిల రాసుకుందాం. పైన మన పేరు కాదు, చెప్పినోళ్ళ పేరు, ఊరు పెడదాం.

మేము మా గట్టు కథతోటి మొదలుపెడతం. మీది ఏ గట్టో, ఏ సగనో కింద రాయండి. తెల్వకుంటే ఇయ్యాల్నే ఇంటికి ఫోన్ చేసి అడగండి.