కండక్టరు ఎక్కిన మెట్లు: ఆరోగ్య సూత్రాల వెనుక ఒక చరిత్ర

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత బ్రిటన్ వైద్యులను ఒక ప్రశ్న కలవరపెట్టింది. అంటువ్యాధులు తగ్గుముఖం పడుతున్న కాలంలో నడివయసు పురుషులు గుండెపోటుతో ఎందుకు అంతగా మరణిస్తున్నారు? హృద్రోగానికి గల కారణాలు అప్పటికి స్పష్టంగా తెలియవు. జెరెమీ మోరిస్ అనే వైద్యుడికి మనుషులు చేసే వృత్తికీ ఈ జబ్బుకూ సంబంధం ఉండవచ్చునన్న అనుమానం కలిగింది. దానిని పరీక్షించడానికి ఆయన లండన్ బస్సు సిబ్బందిని ఎంచుకున్నారు.

లండన్ రెండంతస్తుల బస్సులో ఇద్దరు ఉద్యోగులు ఉండేవారు. డ్రైవరు పనివేళలో దాదాపు మొత్తం కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్లు ఇస్తూ పై అంతస్తుకూ కింది అంతస్తుకూ తిరుగుతూ ఉంటాడు. లెక్క వేస్తే అతడు రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కుతున్నట్లు తేలింది. ఒకప్పుడు హైదరాబాదులో డబుల్ డెక్కర్ బస్సులలో ప్రయాణించిన పెద్దలకు ఆ ఇరుకు మెట్లు గుర్తుండే ఉంటాయి. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే సంస్థ, ఇంచుమించు ఒకే తరహా జీవితం. ప్రధానమైన తేడా శరీర శ్రమలోనే ఉంది.

1949, 1950 సంవత్సరాలలో 35 నుంచి 64 ఏళ్ళ వయసు గల సుమారు 31 వేల మంది రవాణా సిబ్బంది వివరాలను మోరిస్ బృందం పరిశీలించి, 1953లో లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. ఏడాదికి ప్రతి వెయ్యి మంది డ్రైవర్లలో 2.7 మందికి హృద్రోగం బయటపడగా, కండక్టర్లలో ఆ సంఖ్య 1.9 మాత్రమే. పైగా కండక్టర్లకు జబ్బు ఆలస్యంగా వచ్చేది, వచ్చినా వెంటనే ప్రాణం తీయడం తక్కువ. ఉత్తరాలు పంచే పోస్టుమ్యాన్‌లకూ, కూర్చొని పనిచేసే తపాలా గుమాస్తాలకూ మధ్య కూడా ఇదే తరహా తేడా కనిపించింది.

మోరిస్ అక్కడితో తృప్తి చెందలేదు. లావుగా ఉన్నవారే డ్రైవర్లుగా చేరుతున్నారేమో? ఈ సందేహం తీర్చుకోవడానికి ఆయన బృందం సంస్థ ఇచ్చే యూనిఫారం ప్యాంట్ల నడుము కొలతలను తిరగేసింది. నిజంగానే డ్రైవర్ల నడుములు చిన్న వయసు నుంచే పెద్దవి! ఆ సంగతిని దాచకుండా 1956లో ప్రకటించారు. అయితే నడుము కొలతను లెక్కలోకి తీసుకొని చూసినా కండక్టర్లలో ఆకస్మిక మరణాలు తక్కువగానే ఉన్నాయి. తన సిద్ధాంతానికి అడ్డువచ్చే సాక్ష్యాన్ని తానే వెతికి చూపడం శాస్త్రానికి ప్రాణం. ఈనాడు పొడులూ కషాయాలూ అమ్మే ప్రకటనలలో మనకు దొరకనిది అదే.

తరువాత ఆయన బల్ల ముందు కూర్చొని పనిచేసే ప్రభుత్వోద్యోగులను ఏళ్ళ తరబడి గమనించారు. తీరిక వేళల్లో ఒళ్ళు వంచి వ్యాయామం చేసినవారికి గుండెపోట్లు తక్కువ. అయితే యవ్వనంలో బాగా ఆటలాడి, తరువాత మానివేసినవారికి ఆ రక్షణ మిగలలేదు. వ్యాయామం బ్యాంకులో దాచుకొని నడివయసులో తీసుకొనే సొమ్ము కాదు. ఏ రోజు కూలి ఆ రోజుదే. కాలేజీ రోజుల కబడ్డీ కప్పులు గోడమీద ఉన్నంత మాత్రాన గుండెకు ఒరిగేదేమీ లేదు.

ఇదే కాలంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో మరో ప్రయత్నం జరిగింది. 1965లో లెస్టర్ బ్రెస్లో బృందం అలమీడా కౌంటీలో 6,928 మంది నిత్యజీవితపు అలవాట్లను నమోదు చేసింది. పొగ తాగకపోవడం, మద్యంలో మితం, ఏడెనిమిది గంటల నిద్ర, వ్యాయామం, తగిన బరువు, ఉదయం అల్పాహారం, నడుమ చిరుతిళ్ళు మానడం: ఇవే ఆ ఏడు. నలభై అయిదేళ్ళ వయసులో ఆరు లేక ఏడు అలవాట్లు పాటించే పురుషులు, మూడు లేక అంతకు తక్కువ పాటించేవారికన్నా సగటున 11 ఏళ్ళు ఎక్కువ జీవిస్తారని లెక్క తేలింది. స్త్రీలలో ఆ తేడా 7 ఏళ్ళు. తరువాతి విశ్లేషణలలో అల్పాహారం, చిరుతిళ్ళ ప్రభావం అంత బలంగా నిలవలేదు. మిగిలిన అయిదూ నిలిచాయి. మద్యం విషయంలోనైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ నేడు సురక్షితమైన మోతాదే లేదంటోంది.

మనకు ఇది కొత్త మాట కాదు. వాగ్భటుడు అష్టాంగ హృదయంలో దినచర్యకు ఒక అధ్యాయమే కేటాయించి, వ్యాయామం తన శక్తిలో సగం మేరకే చేయాలన్నాడు. ఆహారం, నిద్ర దేహానికి ఊతమని చరకుడు చెప్పాడు. దీనికి భిన్నంగా, నేడు అందరి నోటా వినిపించే 'రోజుకు పదివేల అడుగులు' అన్న సంఖ్యకు మూలం వైద్య పరిశోధన కాదు. 1965లో జపాన్‌లో ఒక సంస్థ అడుగులు లెక్కించే పరికరానికి పెట్టిన పేరు నుంచి అది ప్రచారంలోకి వచ్చింది. ఆ సంఖ్య చేరలేదని నిరాశతో నడకే మానడం అవివేకం. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

సూత్రాలు సులభమే, ఆచరణ అందరికీ సమానంగా సులభం కాదు. పొలం పని చేసిన తరం పిల్లలు నేడు కుర్చీలలో పనిచేస్తున్నారు. వీధి చివరి దుకాణానికీ మోటారు సైకిలే. నడుద్దామన్నా చాలా పట్టణాలలో కాలిబాటలు దుకాణాల పాలయ్యాయి. ఇంటిచాకిరీ ముగిసేసరికి అర్ధరాత్రయ్యే గృహిణికి ఎనిమిది గంటల నిద్ర అందని పండు. ఆరోగ్యంగా బతకడానికి కనీస ఆదాయం ఎంత ఉండాలన్న లెక్క మీద మోరిస్ వృద్ధాప్యంలోనూ శ్రమించారు. ఆరోగ్యాన్ని వ్యక్తి క్రమశిక్షణకు మాత్రమే వదలివేయరాదని ఆయన దృఢ విశ్వాసం. కనుక నడవండి అని సలహా ఇచ్చే మనమే, నడిచే బాట కోసం పురపాలక సంఘాన్ని కూడా అడగాలి. ఇంట్లో మగవారు పని పంచుకుంటే గృహిణికి రెండు గంటల నిద్ర మిగులుతుంది.

మోరిస్ 99 ఏళ్ళు, బ్రెస్లో 97 ఏళ్ళు జీవించారు. ఇద్దరి ఆయుష్షును సాక్ష్యంగా చూపితే ఆ ఇద్దరే ఒప్పుకోరు. వారి సాక్ష్యం వేల మంది సామాన్యుల జీవితాలలో ఉంది. పొగాకు మానండి, మితంగా తినండి, వేళకు నిద్రపోండి, రోజూ ఒళ్ళు కదిలించండి. వయసు మళ్ళినవారు, గుండె జబ్బు లేక మధుమేహం ఉన్నవారు తమ వైద్యుణ్ణి అడిగి, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. ఈ నాలుగింటిలో ఇప్పుడు ఏది లోపించిందో చూసుకొని, ముందు దానితోనే మొదలుపెట్టండి.