చేప నోటి దగ్గరి మేఘపు మరక

హిజ్రీ నాల్గవ శతాబ్దంలో షీరాజ్‌ను పాలించిన బువైహీ అమీరు అజదుద్దౌలా ఆదరణలో అబ్దుర్రహ్మాన్ సూఫీ అనే ఖగోళ శాస్త్రవేత్త ఉండేవారు. క్రీ.శ. 903లో రయ్ పట్టణంలో జన్మించిన ఆయన 964 ప్రాంతంలో స్థిర నక్షత్రాల రూపాలపై అరబీలో ఒక గ్రంథం రచించారు. నసీరుద్దీన్ తూసీ 1250లో దానిని ఫారసీలోకి అనువదించారు. మూల గ్రంథాన్ని హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ 1954లో అచ్చు వేసింది.

దేవయాని రాశి వద్ద అరబ్బులు ఊహించిన ఒక పెద్ద చేప బొమ్మను వర్ణిస్తూ, దాని నోటి దగ్గర 'లత్‌ఖా సహాబియా', అనగా మేఘం వంటి మరక ఉన్నదని సూఫీ వ్రాశారు. మనకు లభిస్తున్న రచనలలో దేవయాని నక్షత్ర మండలాన్ని గూర్చిన తొలి ప్రస్తావన ఇదే. అయితే 'సూఫీ ఒక గెలాక్సీని కనుగొన్నారు' అని అభిమానంతో వ్రాసేవారు పొరబడుతున్నారు. తాను కనుగొన్నానని ఆయన అనలేదు. తెలిసిన వస్తువుగానే పేర్కొన్నారు. అది ఏమిటో ఆయనకే కాదు, ఆ తరువాత తొమ్మిది వందల ఏండ్ల వరకు ఎవరికీ తెలియదు. కన్ను చూచినది చూచినట్లు వ్రాయటమే ఆయన ఘనత. లేని ఘనతను అంటగడితే ఉన్నది మరుగున పడుతుంది.

కంటికి వెలుగును కూడబెట్టే శక్తి లేదు. ఫొటో పలకకు ఉన్నది. 1888లో ఇంగ్లండులో ఐజాక్ రాబర్ట్స్ ఇరవై అంగుళాల దూరదర్శినితో గంటల తరబడి వెలుగును పలకపై పట్టగా, ఆ మరకలో సుడి తిరిగిన చేతులు బయటపడినవి. ఆయన దానిని రూపొందుతున్న సూర్యకుటుంబమని భావించారు. చిత్రం నిజం, వ్యాఖ్యానం తప్పు! 1923లో ఎడ్విన్ హబుల్ మౌంట్ విల్సన్‌లో తీసిన పలకపై ఒక చర నక్షత్రాన్ని గుర్తించి, దాని ఆధారంగా దూరం లెక్క కట్టారు. ఆయన చెప్పినది సుమారు తొమ్మిది లక్షల కాంతి సంవత్సరాలు. నేటి లెక్క ఇరవై అయిదు లక్షలు. ఏది ఏమైనా, అది మన పాలపుంతకు వెలుపలిదని తేలిపోయింది.

2002 డిసెంబరు, 2003 జనవరి నెలలలో హబుల్ పేరుగల అంతరిక్ష దూరదర్శిని దాని అంచును దాటి, నక్షత్రాలు పలుచబడిన చోట, మొత్తం మూడున్నర రోజుల వెలుగును పట్టింది. మధ్య భాగంలో ధూళి, నక్షత్రాల రద్దీ చూపుకు అడ్డు, అంచున సందులున్నవి. ఆ చిత్రంలో మూడు లక్షల దాకా నక్షత్రాలు, వాటి సందుల్లో వేలాది సుదూర గెలాక్సీలు కనిపించినవి. నక్షత్రం చుక్కగా ఉంటుంది. గెలాక్సీ కోలగానో, సుడిగానో, అలుకుడుగానో ఉంటుంది. ఆ అలుకుడును చెప్పటానికి సూఫీ వాడిన మాటే సరిపోతుంది. నిజానికి ఆ చిత్రం తీసినది వాటి కోసం కాదు, అంచు నక్షత్రాల వయస్సు తేల్చటానికి. వాటిలో మూడవ వంతు ఆరు నుండి ఎనిమిది వందల కోట్ల ఏండ్లవేనని, అనుకున్నంత ముసలివి కావని తేలింది.