కల్లం కాడ బాకీ

గ్రామవృత్తుల గురించి రాసినవాళ్ళు చాలామంది 'ఇచ్చిపుచ్చుకోవడం' అనే మాట వాడారు. పన్నెండుమంది ఆయగాండ్రు పనిచేసేవారు, రైతు కల్లంలో మేర కొలిచేవాడు, ఊరు చల్లగా ఉండేది - ఇదీ కథ. పని పుచ్చుకున్నదెప్పుడు, గింజలు ఇచ్చిందెప్పుడు? మా ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

తెలంగాణలో మాదిగల పనే చూద్దాం. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, తోలు ఒలిచి, సున్నంలో నానేసి, బొచ్చు గీకి, లందలో తంగేడు చెక్కతో ఊరేయాలి. తోలు తయారవడానికే వారాలు పట్టేది. ఆపైన ఆరె, రంపె పట్టి కూచోవాలి. మోటకు తొండం, ఎద్దులకు వార్లు, చెర్నాకోల, ఇంటిల్లిపాదికీ చెప్పులు. తొండం లేకపోతే బావిలో నీళ్ళు మడికి రావు. కూలి మాత్రం పంట కోసి, నూర్చి, తూర్పార పట్టాకే. అంటే మాదిగ తన చేతిపనిని నెలల తరబడి రైతుకు అప్పు పెట్టాడన్నమాట, వడ్డీ లేకుండా! అదే రైతు షావుకారుకు వడ్డీ కట్టాడు. షావుకారు అప్పుకు నోటుంది. మాదిగ అప్పుకు కాగితం ముక్క లేదు. అప్పులవాడు రైతేనని, పెట్టుబడి పెట్టింది మాదిగేనని ఎవరూ రాయలేదు.

వానల్లేని ఏడు మేర లేదు. పండిన ఏడు కూడా కొలమానిక రైతు చేతిలోనే. గట్టిగా అడిగితే గొడ్డు ఇంకో ఇంటికి పోతుందన్న భయం. దొరకూ, పటేల్ పట్వారీలకూ కుట్టిన చెప్పులకైతే ఆ గింజలూ లేవు, వెట్టి. ఆంధ్ర మహాసభ, సాయుధపోరాటం వెట్టిని ఎదిరించాయి. 1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగం 23వ అధికరణం దాన్ని నిషేధించింది. కల్లంలో తక్కువ కొలిచినవాణ్ణి ఏమంటారు? వాడు వెట్టి చేయించుకోలేదు గదా, బాకీ పడ్డాడంతే.

తర్వాత కరెంటు మోటార్లొచ్చి మోట పోయింది. రబ్బరు చెప్పులొచ్చి మేర పోయింది. పాత బాకీలు ఎవరూ తీర్చలేదు.

చిన్న పరిశ్రమలకు ఆలస్యంగా చెల్లిస్తే వడ్డీ కట్టాలని 1993లో చట్టమొచ్చింది. దాని స్థానంలో 2006 చట్టం వచ్చింది. ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. 2012 నుంచి కేంద్ర ప్రభుత్వశాఖల కొనుగోళ్ళలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమలకు కేటాయించారు. మంచిదే. అయితే ఆర్డరు తెచ్చుకోవడం ఒక యెత్తు, సరుకు దింపాక బిల్లు రాబట్టుకోవడం ఇంకో యెత్తు. ఫిర్యాదు చేయడానికి కౌన్సిలుంది. చేసినవాడికి మళ్ళీ ఆర్డరొస్తుందా? గొడ్డు ఇంకో ఇంటికి పోతుందన్న ఆ పాత భయమే ఇది. రిజిస్ట్రేషనే లేని చెప్పులు కుట్టేవాడికి ఆ కౌన్సిలూ లేదు.

డప్పు జట్లవాళ్ళు మాత్రం ఏదో నేర్చుకున్నారు. పెళ్ళి ఊరేగింపు అయ్యాక డబ్బులడిగితే, తాగున్న పెళ్ళివారు పొద్దున రమ్మంటారు, పొద్దున ఎవరూ ఉండరు. మేం చూసిన ఒక జట్టు సగం పైకం చేతిలో పడందే డప్పును మంట దగ్గర పెట్టదు. కాగని డప్పు మోగదు.